ట్రిపుల్ ఐటీనా, జేఎన్‌టీయూ క్యాంపసా?

టెన్త్ ఫలితాలు వచ్చాయంటే మా ఇంటికి ఫోన్లు మొదలవుతాయి. "బాబాయ్, మావాడికి ట్రిపుల్ ఐటీ సీటొచ్చేలా ఉంది. చేర్చెయ్యమంటావా, ఇంటర్ చదివించి జేఎన్‌టీయూకి పంపమంటావా?"

వాళ్లడిగే ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ గచ్చిబౌలిది కాదు, ఆర్‌జీయూకేటీ, అంటే రాజీవ్ గాంధీ యూనివర్సిటీ ఆఫ్ నాలెడ్జ్ టెక్నాలజీస్. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో మొదలైంది. ఒంగోలు, శ్రీకాకుళం తర్వాత వచ్చాయి. 1972లో పుట్టిన జేఎన్‌టీయూ కూడా ఆ 2008లోనే ముక్కలై హైదరాబాద్, కాకినాడ, అనంతపురం వేటికవి యూనివర్సిటీలయ్యాయి. కాకినాడ, అనంతపురం కాలేజీలైతే 1946 నాటివి, అంటే యూనివర్సిటీ కంటే పాతికేళ్లు పెద్దవి.

అసలు తేడా వయసు దగ్గరుంది. ఆర్‌జీయూకేటీ పదిహేనేళ్ల పిల్లల్ని తీసుకుంటుంది. ఇంటర్ బదులు రెండేళ్లు పీయూసీ, నాలుగేళ్లు బీటెక్, ఆరేళ్లూ హాస్టలే. ఎంట్రన్స్ లేదు, టెన్త్ మార్కులే ఆధారం. సర్కారు బడి పిల్లలకు వాటి మీద కొంత కలుపుతారు కూడా. పల్లెటూరి జెడ్పీ హైస్కూల్లో బాగా చదివి, ఇంటర్‌కి కార్పొరేట్ కాలేజీ ఫీజు కట్టలేని ఇంటి పిల్లకైతే నేను రెండో మాట లేకుండా ఇదే చెబుతాను. రెండేళ్ల కోచింగ్ టెన్షన్ తప్పుతుంది.

అయితే సీటొస్తే సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్) వచ్చేసినట్టు కాదు. బ్రాంచి పీయూసీ మార్కులను బట్టి తర్వాత ఇస్తారు. మీ ఊళ్లో ఫస్టొచ్చిన పిల్లకి పక్కన కూర్చునేవాళ్లంతా వాళ్ల ఊళ్లలో ఫస్టొచ్చినవాళ్లే. హాస్టల్ సంగతీ చూసుకోవాలి. 2022 జూన్‌లో బాసర పిల్లలు కనీస సదుపాయాల కోసం వానలో సైతం రోజుల తరబడి బైఠాయించారు.

జేఎన్‌టీయూ క్యాంపస్‌కి ఇంటర్ అయ్యాక ఇంజినీరింగ్ ఎంట్రన్స్ ఈఏపీసెట్‌లో ర్యాంకు కావాలి, అదీ మంచిది. ఏ బ్రాంచో తెలిసే చేరతారు. కూకట్‌పల్లి క్యాంపస్‌కైతే మెట్రో స్టేషన్ ఉంది, ఇంటర్న్‌షిప్‌లకి ఊరు దాటక్కర్లేదు. గోదావరి ఒడ్డున బాసరలో ఆ వీలు ఎక్కడిది!

ఒక్క విషయంలో చాలామంది మోసపోతారు. "జేఎన్‌టీయూ కాలేజీ" అనగానే క్యాంపస్ అనుకుంటారు. అఫిలియేటెడ్ ప్రైవేటు కాలేజీలు బోలెడున్నాయి, డిగ్రీ మీద పేరు జేఎన్‌టీయూదే, చదువు చెప్పేది మాత్రం ఆ కాలేజీ. ర్యాంకు కాస్త తగ్గితే మీవాడికి దొరికేది అదే. అందుకే ఆ ఫోన్లో నేను తిరిగి అడిగేది ఒకటే: ట్రిపుల్ ఐటీ వదులుకుంటే, క్యాంపస్ ర్యాంకు వస్తుందన్న నమ్మకం మీకుందా, వాడికుందా?

పీయూసీ ఇంటర్‌తో సమానం. రెండేళ్లయ్యాక బయటికొచ్చి ఈఏపీసెట్ ర్యాంకుతో వేరేచోట చేరే దారీ ఉంది. కాకపోతే అక్కడి సెమిస్టర్ పరీక్షలు రాస్తూనే, కోచింగ్ లేకుండా ఆ ర్యాంకు తెచ్చుకోవాలి.