సీవైఓ బాస్కెట్‌బాల్: మీ పిల్లాడిని నిజంగా ఆడిస్తారా?

అమెరికాలో కాథలిక్ పారిష్ (స్థానిక చర్చి) ఆటలంటే ముందు గుర్తొచ్చేది సీవైఓ, అంటే కాథలిక్ యూత్ ఆర్గనైజేషన్. 1930లో షికాగోలో బిషప్ షీల్ మొదలుపెట్టారు. రూల్స్ డయోసిస్‌ని (ఒక బిషప్ కింద ఉండే చర్చిల ప్రాంతం) బట్టి మారతాయి, అందుకే ఫీజు కట్టేముందే అడగండి: ప్రతి పిల్లాడికీ కనీస ఆట సమయం రాతపూర్వకంగా ఉందా?

లెక్క తేలికే. మ్యాచ్‌లో నాలుగు క్వార్టర్లు (భాగాలు), ఒక్కోదాంట్లో కోర్టులో ఐదుగురు, అంటే 20 చోట్లు. జట్టులో పదిమందైతే తలా రెండు క్వార్టర్లు. ఎనిమిదిమందైతే నలుగురికి మూడు, మిగతా నలుగురికి రెండు. వచ్చే మ్యాచ్‌లో వీళ్లని అటూ ఇటూ మార్చాలి. తేడా వచ్చేది ఇక్కడే. కోచ్‌లు చాలావరకు వాలంటీర్ తల్లిదండ్రులే కదా! సొంత పిల్లాడికి మూడు, ఆట రానివాడికి స్కోరు తేలిపోయాక చివరి రెండు నిమిషాలు. ఆటకు ముందు చేసే ప్రార్థన దీన్ని సరిచేయదు.

ఇంకోటి, 7-8 ఏళ్ల వాళ్లకి ఎనిమిదడుగుల రింగు, ఐదో సైజు బంతి ఉండాలి. పదడుగుల రింగైతే పొడుగు పిల్లలదే రాజ్యం.