కణం పాఠానికి ఏది మేలు: బోర్డు మీద బొమ్మా, థర్మకోల్ మోడలా, ఉల్లిగడ్డ పొరా?

"సార్, కణాలు చూడనీకి మైక్రోస్కోప్ ఎందుకు? బత్తాయి ఒలిస్తే కండ్లకే కనవడ్తయి గద!"

రెండేళ్ల కింద ఎనిమిదో తరగతి పిల్లవాడు ఒకడు అడిగిన ప్రశ్న ఇది. మాది నల్లగొండ జిల్లా, బడి చుట్టూ బత్తాయి తోటలే. వాడు చెప్పింది తొన చీలిస్తే లోపల ముత్యాల్లా ఊడివచ్చే రసపు తిత్తుల గురించి. క్లాసంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకంటే ముందు వారమే వాడు వృక్షకణం బొమ్మ గీసి, భాగాలన్నీ గుర్తించి, పదికి పది మార్కులు తెచ్చుకున్నాడు. ఆ మార్కులు వేసింది నేనే. బొమ్మ మొత్తం వచ్చు, కణం ఎంత ఉంటుందో తెలియదు. ఆ రసపు తిత్తి ఒక్కోదాంట్లో బోలెడన్ని కణాలు ఉంటాయని ఆ రోజు చెప్పాను గానీ, తప్పు వాడిది కాదని నాకు తెలుసు.

బయాలజీ చెప్పేవాళ్లం స్టాఫ్‌రూంలో కూర్చుంటే ఈ పాఠం మీద ప్రతి ఏడాదీ అదే వాదన. ఒకరు బొమ్మ అంటారు, ఒకరు మోడల్ అంటారు, కొత్తగా వచ్చినవాళ్లు వీడియో అంటారు. నేను అన్నీ చేసి చూశాను కాబట్టి నా లెక్క నేను చెబుతాను.

ముందు బొమ్మ సంగతి. దాన్ని తీసిపారేసే ధైర్యం నాకు లేదు. పరీక్షలో 'పటం గీసి భాగాలు గుర్తించండి' అంటే మార్కులు తెచ్చేది అదే. ఖర్చు లేదు, కరెంటు పోయినా ఆగదు, నలభై మందికీ ఒకేసారి చేతి పని దొరుకుతుంది. బొమ్మతో వచ్చే చిక్కు వేరే ఉంది. పుస్తకంలో ఉన్న కణం లోకంలో ఎక్కడా ఉండదు. కణకవచం, కేంద్రకం, మైటోకాండ్రియా, గాల్జి సంక్లిష్టం, రైబోజోములు, హరితరేణువులు, పెద్ద రిక్తిక అన్నీ ఒకే పెట్టెలో సర్ది చూపిస్తారు, పెళ్లికి సారె సర్దినట్టు. ఇక పిల్లలు ప్రతి మొక్క కణంలోనూ అన్నీ ఉంటాయనుకుంటారు. ఉల్లిగడ్డ పొర చూసి గీయమంటే అందులో పచ్చ చుక్కలు పెట్టినవాళ్లు ఏటా పది మందికి తక్కువ ఉండరు. "ఎక్కడ చూసినవ్ బిడ్డా పచ్చవి?" అంటే, "బుక్కుల ఉన్నయి సార్" అంటారు. ఎండ తగలని తెల్లటి ఉల్లిపొరలో హరితరేణువులు ఎందుకుంటాయి?

దీనికి తోడు 'తేడాలు రాయండి' అనే పట్టిక. ఎడమవైపు వృక్షకణం, కుడివైపు జంతుకణం. హరితరేణువులు ఉంటాయి, ఉండవు. కణకవచం ఉంటుంది, ఉండదు. ఇలా బట్టీ కొట్టినవాళ్లను "మరి మైటోకాండ్రియా ఎవరికి ఉంటాయి?" అని అడిగి చూడండి. సగం మంది జంతుకణానికే అంటారు. మొక్కకు హరితరేణువు ఉంది కాబట్టి మైటోకాండ్రియా అక్కర్లేదని వాళ్లే ఒక న్యాయం చేసేసుకుంటారు. నిజానికి మొక్కకు రెండూ ఉంటాయి. ఆహారం తయారు చేసుకున్నంత మాత్రాన సరిపోదు, దాంట్లోంచి శక్తి తీసుకోవాలి కదా, ఆ పని మైటోకాండ్రియాది. తేడాల పట్టిక కంటే ముందు పోలికల పట్టిక రాయించడం మొదలుపెట్టాక ఈ గోల కొంత తగ్గింది.

థర్మకోల్ మోడల్ గురించి ఎక్కువ చెప్పను. సైన్స్ ఫెయిర్ వస్తోందంటే రెండు మూడు వందలు ఖర్చు, రాత్రి పన్నెండు దాకా అమ్మానాన్నల పని, పొద్దున పిల్లవాడు దాన్ని బస్సులో ఒళ్లో పెట్టుకుని తేవడం. రాజ్మా గింజ మైటోకాండ్రియా, పిన్నుల తలలు రైబోజోములు. చూడటానికి బాగుంటుంది, బీరువా మీద రెండేళ్లు దుమ్ము పడుతుంది. అయితే మోడల్‌కు ఒక గుణం ఉంది, అది బొమ్మకు లేదు. కణం కాగితంలా చదునుగా ఉండదని, దానికి లోతు ఉంటుందని చెబుతుంది. ఆ ఒక్క గుణం కోసం థర్మకోల్ అక్కర్లేదు. చెప్పుల డబ్బా ఒకటి, పాలిథిన్ సంచి ఒకటి చాలు. సంచిలో నీళ్లు పోసి, ఒక రేగుపండు వేసి, మూతి కట్టి బల్ల మీద పెడితే జంతుకణం. నొక్కితే ఎటు పడితే అటు సాగుతుంది. అదే సంచిని డబ్బాలో పెడితే వృక్షకణం. డబ్బా కణకవచం, సంచి త్వచం, రేగుపండు కేంద్రకం. ఐదు నిమిషాల పని. ఈ డబ్బా చూశాక చెట్టు ఎముకలు లేకుండా ఎలా నిలబడుతుందో ఒకమ్మాయి తనంతట తానే చెప్పింది.

ఇక్కడ పేర్ల గొడవ ఒకటి చెప్పాలి. ఇప్పుడు మా పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిషు. ఏ పేరుతో నేర్పితే మేలని తల్లిదండ్రులు కూడా అడుగుతుంటారు. హరితరేణువు అంటే విన్న వెంటనే పచ్చటి రేణువు కళ్ల ముందుకు వస్తుంది. క్లోరోప్లాస్ట్ అంటే రాదు. కానీ కణకవచం, కణత్వచం పక్కపక్కన పెడితే ప్రాస కుదిరి రెండూ కలిసిపోతాయి. పరీక్ష పేపర్లలో కవచం ఉండాల్సిన చోట త్వచం, త్వచం ఉండాల్సిన చోట కవచం. సెల్ వాల్, మెంబ్రేన్ అన్నవాళ్లు ఆ తప్పు చేయరు. అంతర్జీవ ద్రవ్యజాలం (ఎండోప్లాస్మిక్ రెటిక్యులం) అనమంటే నాకే నాలుక తిరగదు, పిల్లలంతా ఈఆర్ అనే అంటారు, అననిస్తాను. రిక్తిక అంటే ఖాళీ అని అర్థం. ఇంగ్లిషు వాక్యుయోల్‌కూ మూలంలో అర్థం అదే. ఉన్నదేమో నిండా ద్రవం! కాబట్టి పేరు ఏ భాషదైనా ఒక్కోసారి దారి తప్పిస్తుంది. నేను కవచం అన్నప్పుడు కర్ణుణ్ని గుర్తు చేస్తాను, త్వచం అన్నప్పుడు చర్మాన్ని గిల్లుకోమంటాను. కవచం పైన, చర్మం లోపల. ఇక కలవదు.

ఇక ఉల్లిగడ్డ. నా ఓటు దీనికే, కష్టం ఎక్కువైనా.

గడ్డను నిలువుగా కోసి, ఒక రేకు తీసి వెనక్కి విరిస్తే లోపలివైపు సన్నటి పొర వస్తుంది. తడి పాలిథిన్ కాగితంలా ఉంటుంది, గాలికి చుట్టుకుపోతుంది. గోరంత ముక్క స్లైడు మీద నీటిచుక్కలో పరచాలి. సాఫ్రనిన్ అనే ఎర్ర రంగు చుక్క, అది లేకపోతే నీళ్లు కలిపిన టింక్చర్ అయోడిన్ చుక్క వేయాలి. పైన మూసే పలచటి గాజు ముక్కను, అంటే కవర్ స్లిప్‌ను, ఒక అంచు ముందు ఆనించి, సూదితో మెల్లగా దించాలి. ఇక్కడే అందరూ తొందరపడతారు. టప్పున వదిలితే గాలి బుడగలు చిక్కుకుంటాయి. మొదటి రోజు నలభై మందిలో పదిహేను మంది గీసుకొచ్చింది ఆ బుడగల్నే. నల్లటి మందమైన అంచుతో గుండ్రంగా, చూడముచ్చటగా ఉంటాయి మరి.

బుడగల్ని తప్పించి చూస్తే, నూరు రెట్లలోనే, ఇటుకలు పేర్చినట్టు పొడవాటి గదులు. ప్రతి గదిలో ఒక మూలకు ఒత్తుకుని రంగు పట్టిన చుక్క, కేంద్రకం. అది నడుమ కాకుండా పక్కకు ఎందుకు పోయిందని ఎవరో ఒకరు అడుగుతారు. నడుమ జాగానంతా రిక్తిక ఆక్రమించింది అని చెబితే, అప్పటిదాకా వట్టి పేరుగా ఉన్న రిక్తిక పిల్లలకు ఒక్కసారిగా అర్థమవుతుంది.

తర్వాతి రోజు ఎర్ర ఉల్లిగడ్డ. ఈసారి రేకు బయటివైపున్న ఊదారంగు పొర కావాలి, రంగు వేయక్కర్లేదు. కణాల నిండా ఊదా. కవర్ స్లిప్ ఒక అంచున ఉప్పునీటి చుక్క వేసి, అవతలి అంచున కాగితం ముక్క ఆనిస్తే ఉప్పునీళ్లు లోపలికి పాకుతాయి. రెండు మూడు నిమిషాల్లో ఊదారంగు గోడల్ని వదిలి లోపలికి ముడుచుకుంటుంది. గోడ గోడలాగే ఉంటుంది, లోపలి సంచి మాత్రం చిక్కిపోతుంది. కవచం వేరు, త్వచం వేరు అని నేను పదేళ్లు బోర్డు మీద గీసి చెప్పిన దాన్ని ఉప్పు మూడు నిమిషాల్లో చెప్పేస్తుంది. మంచినీళ్లు పంపితే మళ్లీ ఉబ్బుతుంది. "మామిడికాయ ముక్కలకు ఉప్పు పట్టిస్తే నీళ్లూరుతయి గద సార్, గట్లనేనా?" అంది ఒక పిల్ల. అట్లనే.

చెంప కణాలకు పుల్ల మొద్దువైపుతో బుగ్గ లోపల మెల్లగా గీకితే చాలు, మిథిలీన్ బ్లూ చుక్క వేస్తే నడుమ నీలి చుక్కతో పలచటి రేకుల్లాంటివి కనిపిస్తాయి. గోడ లేదు, వరస లేదు, ఎవరికి వారే. ఎవరి పుల్ల వాళ్లకే, వాడగానే పారేయించాలి. "ఇది నా నోట్లదేనా సార్?" అని నమ్మనివాళ్లే ఎక్కువ.

మైక్రోస్కోప్‌తో బాధలు లేవని కాదు. బడికి బాగా పనిచేసేది ఒకటి, పీరియడ్ నలభై ఐదు నిమిషాలు, పిల్లలు నలభై మంది. తలకు నిమిషం. నేను ఫోన్ కెమెరాను కన్ను పెట్టే ఐపీస్‌కు ఆనించి అందరికీ ఒకేసారి చూపిస్తాను, తర్వాత ఒక్కొక్కరు కన్ను పెట్టి చూస్తారు. అద్దం ఉన్న పాత మైక్రోస్కోప్‌కు వరండా వెలుగు చాలు. మా ఎండకు కొదవ లేదు గానీ అద్దాన్ని నేరుగా సూర్యుడి వైపు తిప్పనివ్వకూడదు, కన్ను పోతుంది. అసలే మైక్రోస్కోప్ లేని చోట మడతపెట్టే కాగితపు ఫోల్డ్‌స్కోప్ కూడా ఉల్లిపొరకు సరిపోతుంది. అది సుమారు 140 రెట్లు పెద్దగా చూపిస్తుంది.

ఇంకో పెద్ద లోటు, ఇది చూపించేది చాలా తక్కువ. మామూలు వెలుతురుతో పనిచేసే మైక్రోస్కోప్ 0.2 మైక్రోమీటర్ల కంటే దగ్గరగా ఉన్న రెండింటిని విడదీసి చూపలేదు. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రోమీటరు. రైబోజోము ఆ 0.2లో పదో వంతు దాకానే ఉంటుంది. మరి ఆ బొమ్మలోవి ఎవరు చూశారని పిల్లలు అడిగితే, నాకు పాఠం అక్కడ మొదలవుతుంది. రాబర్ట్ హుక్ 1665లో బెండు ముక్కలో చూసింది వట్టి గోడలే, చచ్చిన కణాలవి. కేంద్రకానికి రాబర్ట్ బ్రౌన్ ఆ పేరు పెట్టింది 1831లో. గాల్జి తన పేరుతో ఉన్న సంక్లిష్టాన్ని 1898లో చూశాడు. వెలుతురుకు బదులు ఎలక్ట్రాన్లతో చూపే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ 1931లో వచ్చింది, రైబోజోములు, లైసోజోములు 1950లలో గానీ తేలలేదు. దాదాపు మూడు వందల ఏళ్లు ఒకరి తర్వాత ఒకరు చూసినదాన్ని పుస్తకం ఒకే బొమ్మలో పెట్టింది. ఆ బొమ్మను మొదటి రోజే పిల్లల చేతిలో పెడుతున్నాం.

వీడియోలు నేను చివరికే ఉంచుతాను. మైక్రోస్కోప్ చేరని చోటికి అవి తీసుకెళ్తాయి, అది నిజం. కానీ వాటిలో మైటోకాండ్రియా నారింజ రంగు, గాల్జి గులాబీ రంగు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఫొటోలు నలుపు తెలుపే, రంగులు తర్వాత వేసినవి. ఆ మాట చెప్పకుండా చూపిస్తే పిల్లలు ఆ రంగుల్నే నేర్చుకుంటారు. కదలిక చూపించాలన్నా వీడియో కంటే మేలైనది ఊరి చెరువులోనే ఉంది. హైడ్రిల్లా అనే నీటి మొక్క, మా దగ్గర అందరూ నాచు అనే అంటారు. దాని లేత ఆకు ఒకటి ముక్కలు చేయకుండా అట్లాగే స్లైడు మీద పెడితే కణాల అంచు వెంబడి హరితరేణువులు మెల్లగా తిరుగుతూ కనిపిస్తాయి. పిల్లల్ని మాత్రం చెరువుకో కాలువకో పంపొద్దు, పెద్దవాళ్లే తెచ్చిపెట్టాలి.

అందుకని ఇప్పుడు నా వరస ఇది: మొదట ఉల్లిపొర, చూసిందే పెన్సిల్‌తో గీయడం, తర్వాత చెంప కణాలు, ఆ పైన డబ్బా-సంచి, అన్నీ అయ్యాక పుస్తకం బొమ్మ. నాలుగు పీరియడ్లు ఎక్కువ పడుతుంది, సిలబస్ కాలేదని మాట పడతాం. ఒక్క పీరియడే దొరికితే? మోడల్, వీడియో వదిలేసి ఉల్లిగడ్డ, పెన్సిల్ తీసుకుంటాను. పరీక్ష బొమ్మ ఇంట్లో కూడా గీసుకోవచ్చు.

ఈ ఏడాది రికార్డులు దిద్దుతుంటే ఒకమ్మాయి ఉల్లిపొర బొమ్మలో ఇటుకల్లాంటి కణాలు ఏడు, వాటి నడుమ నల్లటి అంచుతో ఒక గుండ్రటి వలయం గీసింది. కొట్టేద్దామని ఎర్ర పెన్ను తీశాను. బాణం గుర్తు పెట్టి పక్కనే రాసి ఉంది: 'గాలి బుడగ.'