పరువు హత్య, కుల దురహంకార హత్య: వార్తలో ఏది మేలు?

2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో, గర్భిణి అయిన భార్యను ఆసుపత్రిలో చూపించి బయటికి వస్తున్న దళిత యువకుణ్ని పట్టపగలే నరికి చంపారు. మొదటి నిందితుడు ఆమె తండ్రి. పత్రికల్లో, టీవీల్లో ‘పరువు హత్య’ అన్న మాట మారుమోగింది. దళిత సంఘాలు మాత్రం ‘కుల దురహంకార హత్య’ అన్నాయి.

మొదటి మాట పొట్టిది. సింగిల్ కాలమ్ శీర్షికలో ఇట్టే ఇముడుతుంది, చదివేవారికి విషయం వెంటనే తెలుస్తుంది. డెస్కులో కూర్చున్నవారికి ఇది చిన్న సౌకర్యం కాదు. కానీ తెలుగులో శిశుహత్య, గోహత్య, భ్రూణహత్య అన్నప్పుడు ముందు వచ్చేది చనిపోయిన ప్రాణి. అదే వరుసలో చదివితే ‘పరువు హత్య’లో చచ్చిపోయింది పరువే. అంటే చంపినవాడి ఫిర్యాదును మనం శీర్షికగా అచ్చు వేస్తున్నాం. నెత్తురోడి పడిపోయిన మనిషికి అందులో చోటే లేదు. ఇలాంటి హత్యల్లో గౌరవప్రదమైనదేమీ లేదని, ఇవి అనాగరికమైన, సిగ్గుమాలిన హత్యలని సుప్రీంకోర్టు లతా సింగ్ కేసులో 2006లోనే తేల్చి చెప్పింది. అయినా ఆ మాటను మనం వదలలేదు.

‘కుల దురహంకార హత్య’ పొడుగే, కానీ కారణాన్ని సూటిగా చెబుతుంది. మిర్యాలగూడ కేసుకు అది సరిగ్గా అతుకుతుంది. ఆ కేసును విచారించింది నల్లగొండలోని ఎస్సీ, ఎస్టీ కేసుల ప్రత్యేక కోర్టు. 2025 మార్చి 10న ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి జీవిత ఖైదు విధించింది. తండ్రి తీర్పు రాకముందే, 2020లో చనిపోయాడు.

అయితే ఈ మాట అన్నిచోట్లా పనికిరాదు. 2022 మేలో సరూర్‌నగర్‌లో నడిరోడ్డు మీద హత్యకు గురైన దళిత యువకుడు పెళ్లి చేసుకున్నది ముస్లిం యువతిని. అక్కడ మతాన్ని చెప్పకుండా కులం ఒక్కటే చెబితే సగం వార్తే అవుతుంది. పైగా ఘటన జరిగిన రోజు రాత్రికి మన చేతిలో ఉండేది పోలీసులు చెప్పిన కథనమే. కారణం తేలకముందే శీర్షికలో తీర్పు ఇవ్వకూడదు.

అందుకే మొదటి రోజుకు నేను ఉత్త ‘హత్య’కే ఓటు వేస్తాను. పక్కన తెలిసిన వాస్తవం పెడితే చాలు: ‘కులాంతర వివాహం చేసుకున్న యువకుడి హత్య’. ఇందులో మనిషి ఉన్నాడు, పెళ్లి ఉంది, నేరం ఉంది. ఎవరి పరువూ లేదు. దర్యాప్తులో కులమే కారణమని బయటపడ్డాక ‘కుల దురహంకార హత్య’ అని రాయడానికి వెనకాడనక్కరలేదు. అప్పుడు కూడా పాత అలవాటు కొద్దీ ‘పరువు హత్య’ అని రాయడం నిజాన్ని దాచడమే. నిందితుడు ‘పరువు కోసమే చంపాను’ అన్నాడని పోలీసులు చెబితే, ఆ మాట కొటేషన్లలో, అతని పేరు మీదే వార్త లోపల రావాలి.