టెక్సాస్, కాలిఫోర్నియా, ఒరెగాన్: పొలం పన్ను చట్టాల్లో ఏది మేలు? నిప్పు వస్తే ఏది ఆదుకుంటుంది?

టెక్సాస్‌లో తెలుగువాళ్లు నలుగురు కూడిన చోట పొలం మాట వస్తే నేల ఎలాంటిది, బోరు పడుతుందా అని అడిగేవాళ్లు తక్కువ, "యాగ్ ఎగ్జెంప్షన్ (పొలానికి ఆస్తిపన్ను తగ్గింపు) ఉందా?" అని అడిగేవాళ్లే ఎక్కువ. అడగాల్సిన ప్రశ్నే, ఎందుకంటే దాని మీద ఏడాదికి వేల డాలర్లు ఆధారపడి ఉంటాయి. కానీ అక్కడితో ఆగిపోతున్నాం. ఆ తగ్గింపు ఏ షరతు మీద ఇస్తున్నారు, వేరే రాష్ట్రాల్లో ఎలా ఇస్తున్నారు, ఆ పొలానికి నిప్పు అంటుకుంటే ఆర్పడానికి వచ్చేది ఎవరు, వాళ్లకి శిక్షణ ఎవరిచ్చారు అన్నవి కూడా కలిపి చూస్తేనే ఏ రాష్ట్రం చట్టం మేలో తెలుస్తుంది. పన్నునీ నిప్పునీ విడివిడిగా చూడకూడదని నా గట్టి నమ్మకం, ఎందుకో కింద చెబుతాను.

టెక్సాస్‌తో మొదలుపెడదాం, మనవాళ్లు ఎక్కువగా కొంటున్నది అక్కడే కాబట్టి. 1978లో రాష్ట్ర రాజ్యాంగానికి చేసిన సవరణతో వచ్చిన పద్ధతి ఇది, 1-డి-1 అంటారు. పన్ను శాతం అందరికీ ఒకటే, కాకపోతే భూమికి మార్కెట్ రేటు కాకుండా అది పండించి తెచ్చే ఆదాయాన్ని బట్టి విలువ కడతారు. లెక్క కోసం 10 ఎకరాలు 5 లక్షల డాలర్లు అనుకోండి, పన్ను 2 శాతం అనుకోండి. మామూలుగా అయితే ఏడాదికి 10 వేల డాలర్లు కట్టాలి. అదే భూమికి పశువుల మేత కింద ఎకరాకి 200 డాలర్లు విలువ కడితే మొత్తం 2 వేలు, దాని మీద పన్ను 40 డాలర్లు. అందుకే అంత ఆరాటం.

షరతులు మరీ కష్టమైనవి కావు. గత 7 ఏళ్లలో కనీసం 5 ఏళ్లు అక్కడ వ్యవసాయం జరిగి ఉండాలి, ఇప్పుడూ జరుగుతుండాలి, అదీ ఆ ప్రాంతంలో మామూలుగా జరిగే స్థాయిలో. అంటే పేరుకి రెండు మేకల్ని కట్టేస్తే పన్ను కోసం భూమి విలువ కట్టే అప్రైజల్ డిస్ట్రిక్ట్ వాళ్లు ఒప్పుకోరు. ఊరి మునిసిపల్ హద్దుల్లో ఉన్న భూమికి రూల్స్ ఇంకాస్త గట్టిగా ఉంటాయి. ఇల్లున్న స్థలానికి ఈ విలువ వర్తించదు. చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది: పాత యజమానికి ఉన్న తగ్గింపు మీకు దానంతట అదే రాదు, చేతులు మారితే కొత్త యజమాని ఏప్రిల్ 30 లోపు మళ్లీ అప్లై చెయ్యాలి.

భూమి వాడకం మార్చితే రోల్‌బ్యాక్ ట్యాక్స్ పడుతుంది. ఇంతకుముందు 5 ఏళ్ల తేడా మొత్తం, పైన 7 శాతం వడ్డీ ఉండేది. 2019లో దాన్ని 3 ఏళ్లకీ 5 శాతానికీ తగ్గించారు, 2021లో వడ్డీ పూర్తిగా తీసేశారు. మన దగ్గర పొలాన్ని ప్లాట్లు చెయ్యాలంటే 2006 చట్టం కింద నాలా అనే భూమి మార్పిడి ఫీజు కట్టాల్సి వచ్చేది చూడండి, దాదాపు ఆ వరసే, కాకపోతే ఇక్కడ తప్పించుకున్న పన్నునే వెనక్కి లాగుతారు. పైన చెప్పిన 10 ఎకరాల లెక్కలో అది దగ్గర దగ్గర 30 వేల డాలర్లు. అమ్మినంత మాత్రాన పడదు, వాడకం మారితేనే పడుతుంది, అందుకే కొనేటప్పుడే అది ఎవరి నెత్తిన పడుతుందో కాగితం మీద రాసుకోవాలి.

తేనెటీగల సంగతి కూడా చెప్పాలి. 5 నుంచి 20 ఎకరాల మధ్య ఉన్న భూమిలో తేనెటీగలు పెంచినా టెక్సాస్ చట్టం వ్యవసాయంగానే లెక్కిస్తుంది. చాలా కౌంటీల్లో మొదటి 5 ఎకరాలకి 6 పెట్టెలు, ఆ పైన ప్రతి రెండున్నర ఎకరాలకి ఒకటి అడుగుతారు. ఉద్యోగాలు చేసుకునే మనవాళ్లకి ఇది బాగా నచ్చింది, పెట్టెలు అద్దెకిచ్చి చూసుకునేవాళ్లు కూడా ఉన్నారు. నాకు తేనెటీగల మీద కోపం లేదు, పంటలకి అవి చాలా అవసరం. కానీ తేనెటీగ గడ్డి తినదు. ఆవులు మేసిన పొలంలో గడ్డి మడమల దాకా ఉంటే, పెట్టెలు మాత్రమే ఉన్న పొలంలో నడుము దాకా పెరిగి ఎండిపోతుంది. పన్ను లెక్కలో రెండూ ఒకటే, నిప్పుకి మాత్రం ఒకటి కాదు.

వీసా మీద ఉన్నవాళ్లకి ఒక మాట. గ్రీన్ కార్డ్ లేకుండా, అంటే హెచ్-1బి మీద ఉండి వ్యవసాయ భూమి కొంటే 1978 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం 90 రోజుల్లో వ్యవసాయ శాఖకి ఎఫ్ఎస్ఏ-153 ఫారం ఇవ్వాలి. మొత్తం 10 ఎకరాల లోపు ఉండి, దాని మీద పంట అమ్మకాలు ఏడాదికి వెయ్యి డాలర్లు దాటకపోతే అక్కర్లేదు. ఇవ్వకపోతే జరిమానా భూమి మార్కెట్ విలువలో 25 శాతం దాకా వెళ్లొచ్చు. టెక్సాస్ ట్యాక్స్ కోడ్‌లో నాన్ రెసిడెంట్ ఏలియన్‌ల భూమికి 1-డి-1 విషయంలో అడ్డు కూడా ఉంది, కాబట్టి సంతకం పెట్టకముందే లాయర్‌ని అడగండి, బ్రోకర్ మాట మీద ఆగకండి.

ఇక కాలిఫోర్నియా. అక్కడి దారి పూర్తిగా వేరు. 1965 నాటి విలియమ్సన్ చట్టం కింద రైతు కౌంటీతో కాంట్రాక్ట్ చేసుకుంటాడు: ఈ భూమిని 10 ఏళ్లు వ్యవసాయానికే ఉంచుతాను, మీరు పన్ను తగ్గించండి అని. ఆ 10 ఏళ్లు ప్రతి ఏడాదీ దానంతట అదే ఒక ఏడాది ముందుకు జరుగుతుంది, అంటే మీరు వద్దని నోటీసు ఇచ్చే దాకా ఎప్పుడూ 10 ఏళ్లు మిగిలే ఉంటాయి. నోటీసు ఇచ్చాక పన్ను మెల్లమెల్లగా పెరుగుతూ పోతుంది. మధ్యలోనే తెంచుకోవాలంటే భూమి పూర్తి మార్కెట్ విలువలో పన్నెండున్నర శాతం కట్టాలి, అదీ కౌంటీ ఒప్పుకుంటేనే. 1998లో దీనికి తోడు 20 ఏళ్ల కాంట్రాక్ట్ తెచ్చారు, తగ్గింపు ఎక్కువ, తెంచుకుంటే 25 శాతం. ఈ కాంట్రాక్ట్ వర్తించే ప్రాంతాన్ని అగ్రికల్చరల్ ప్రిజర్వ్ అంటారు, అది మామూలుగా 100 ఎకరాలైనా ఉండాలి, పక్కపక్క రైతులు కలిసి కూడా చెయ్యొచ్చు. ఐదారు ఎకరాల సరదా పొలానికి ఇది పనికొచ్చే చట్టం కాదు, ఆ ఉద్దేశంతో చేసిందీ కాదు.

అయితే అక్కడ ప్రపోజిషన్ 13 అనే ఆస్తిపన్ను పరిమితి ఉంది కదా. 1978 నుంచి మూల పన్ను 1 శాతమే, విలువ ఏడాదికి 2 శాతం మించి పెంచకూడదు. పాత రైతుకి అది పెద్ద అండ. కొత్తగా కొనేవాడికి మాత్రం కొన్న రేటు నుంచే లెక్క మొదలవుతుంది, కాబట్టి పక్క పొలం ఆయన కట్టే పన్ను చూసి మనకూ అంతే అనుకోవద్దు. విలియమ్సన్ చట్టానికి ఇంకో బలహీనత, పన్ను తగ్గి కౌంటీలు పోగొట్టుకున్న డబ్బు రాష్ట్రం తిరిగి ఇచ్చేది, 2009 బడ్జెట్ కష్టాల్లో అది దాదాపు ఆగిపోయింది. భారం మొత్తం కౌంటీ మీదే వేస్తే ఆ కౌంటీ కొత్త కాంట్రాక్ట్‌లకి ఎంత ఇష్టంగా ముందుకొస్తుందో మీరే ఆలోచించండి.

ఒరెగాన్ చట్టం నాకు మనసుకి బాగా దగ్గరైంది, కొనేవాళ్లకి నచ్చకపోయినా సరే. 1973లో వచ్చిన సెనేట్ బిల్లు 100తో రాష్ట్రమంతటా భూమి వాడకానికి ప్రణాళిక పెట్టారు. వ్యవసాయ జోన్లు గీశారు, ఊళ్లకి పెరుగుదల హద్దులు గీశారు. జోన్‌లో ఉండి వ్యవసాయం చేస్తే పన్ను తగ్గింపు వస్తుంది, ఎకరాకి ఇంత ఆదాయం చూపించమన్న పరీక్ష లేదు. జోన్ బయట ఉన్నవాళ్లకి ఆ పరీక్ష ఉంది: గత 5 ఏళ్లలో 3 ఏళ్లయినా ఆరున్నర ఎకరాల లోపు అయితే 650 డాలర్లు, 30 ఎకరాల దాకా ఎకరాకి 100, ఆ పైన 3 వేల డాలర్ల స్థూల ఆదాయం రావాలి. కాగితం మీద పశువులు చూపించి గట్టెక్కే వీలు తక్కువ, నిజంగా అమ్మి ఉండాలి.

అసలు కష్టం ఇల్లు కట్టుకోవడంలో ఉంది. వ్యవసాయ జోన్‌లో కొత్త కమతం మామూలుగా 80 ఎకరాలకి తగ్గకూడదు, మేత భూములైతే 160. రైతు ఇల్లు కట్టుకోడానికి ఉన్న దారుల్లో ఒకటి ఆదాయం చూపించడం: మంచి నేలలో ఏడాదికి 80 వేల డాలర్లు, మిగతా నేలలో 40 వేలు. జోన్‌లో, ఊరి హద్దు బయట ఉన్న భూమిని వ్యవసాయం నుంచి తప్పిస్తే 10 ఏళ్ల దాకా పాత పన్ను కట్టాలి, టెక్సాస్‌లో 3 ఏళ్లతో పోల్చి చూడండి. కఠినంగానే ఉంది. కానీ విలామెట్ లోయలో పోర్ట్‌ల్యాండ్ హద్దు దాటగానే ఇప్పటికీ పొలాలు కనిపిస్తాయి, డాలస్ ఉత్తరాన కాలిన్ కౌంటీలో రోల్‌బ్యాక్ ట్యాక్స్ కాలనీలని ఏమాత్రం ఆపలేకపోయింది. బిల్డర్‌కి 3 ఏళ్ల పన్ను ఒక ఖర్చు పద్దు, అంతే.

నిప్పు దగ్గరికి వద్దాం. 2024 ఫిబ్రవరి 26న టెక్సాస్ ఉత్తర కొసన ఉన్న పాన్‌హ్యాండిల్‌లో స్టిన్నెట్ దగ్గర మొదలైన స్మోక్‌హౌస్ క్రీక్ కార్చిచ్చు 10 లక్షల ఎకరాలకి పైగా కాల్చేసింది, ఆ రాష్ట్ర చరిత్రలో అదే పెద్దది. కుళ్లిన కరెంటు స్తంభం విరిగి మొదలైంది. ఎండిన గడ్డికి పెనుగాలి తోడైంది, వేల పశువులు చనిపోయాయి, ఇద్దరు మనుషులు పోయారు. ముందుగా వెళ్లింది ఎవరంటే ఆ చుట్టుపక్కల వాలంటీర్లు, వాళ్లలో రైతులు, బడి పంతుళ్లు, మెకానిక్‌లు ఉంటారు. టెక్సాస్‌లో జీతం తీసుకునే ఫైర్‌మన్‌కి రాష్ట్ర కమిషన్ సర్టిఫికెట్ తప్పనిసరి, వాలంటీర్‌కి కాదు. 2001లో చట్టసభ పెట్టిన పథకం కింద టెక్సాస్ ఏ అండ్ ఎమ్ ఫారెస్ట్ సర్వీస్ పల్లె వాలంటీర్ డిపార్ట్‌మెంట్‌లకి బండ్లకీ, సామగ్రికీ, శిక్షణ ఫీజులకీ డబ్బిస్తుంది. మంచి పథకం, కానీ వరసలో నిలబడాలి.

కాలిఫోర్నియాలో ఈ విషయంలో చట్టాలు చురుగ్గా కదిలాయి. 2018 చట్టంతో, కార్చిచ్చుకి మేత దొరక్కుండా ముందస్తుగా గడ్డి కాల్చే పనిని నడిపించడానికి రాష్ట్ర సర్టిఫికెట్ ఉన్న బర్న్ బాస్‌లని తయారు చెయ్యడం మొదలుపెట్టారు. 2021లో ఎస్‌బీ 332 అనే చట్టం తెచ్చి, అలాంటి బాస్ చేతుల్లో పద్ధతిగా కాల్చినప్పుడు నిప్పు అదుపు తప్పినా ఘోరమైన నిర్లక్ష్యం ఉంటే తప్ప ఆర్పిన ఖర్చు రైతు మీద వెయ్యకూడదన్నారు. టెక్సాస్‌లో ఇలా కాల్చే పనికి సర్టిఫైడ్ మేనేజర్ల పద్ధతి 1999 చట్టంతోనే వచ్చింది, కానీ 10 లక్షల డాలర్ల బీమా పెట్టుకోవాలి, చిన్న రైతుకి అది మోయలేని బరువు. అదే 2021లో కాలిఫోర్నియా ఇంకో చట్టం చేసింది: శిక్షణ పొందిన పశువుల రైతుకి పాస్ ఇస్తారు, కార్చిచ్చు సమయంలో రోడ్లు మూసేసినా తన పశువుల దగ్గరికి మేతా నీళ్లూ తీసుకుని వెళ్లొచ్చు. ఎదురుగా తన ఆవులు మాడిపోతుంటే బారికేడ్ దగ్గర ఆగిపోయిన రైతుల బాధే ఈ చట్టాన్ని తెచ్చింది.

కానీ నన్నడిగితే నిప్పు విషయంలో వీటన్నిటి కంటే ముందున్నది తూర్పు ఒరెగాన్, ఐడహో పద్ధతి. ఫైర్ డిపార్ట్‌మెంటే లేని మేత భూముల్లో రైతులే సంఘం పెట్టుకుంటారు, రేంజ్‌ల్యాండ్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్ అంటారు. ఒరెగాన్‌లో 1960ల నుంచి ఉన్నాయి, ఐడహోలో 2012లో మౌంటెన్ హోమ్ దగ్గర మొదలయ్యాయి. రాష్ట్రం గుర్తింపునిస్తుంది, ఫెడరల్ భూముల శాఖ శిక్షణ, రేడియోలు, నిప్పు తట్టుకునే బట్టలు అందేలా చూస్తుంది, బీమా ఉంటుంది. రైతు తన డోజర్‌తో, నీళ్ల ట్యాంక్‌తో ఫెడరల్ భూమిలో కూడా పని చెయ్యొచ్చు. ఇంతకుముందు ఆ రైతులు ఎలాగూ వెళ్లేవాళ్లే, శిక్షణ లేకుండా, రేడియో లేకుండా వెళ్లి ప్రాణాల మీదికి తెచ్చుకునేవాళ్లు.

మరి ఏది మేలు? డాలస్‌లోనో ఆస్టిన్‌లోనో ఉద్యోగం చేస్తూ 10, 15 ఎకరాలు కొనుక్కునేవాళ్లకి టెక్సాస్ చట్టమే, అందులో సందేహం లేదు. కరువులో పశువుల్ని తీసేయాల్సి వస్తే, గవర్నర్ కరువు ప్రకటించి ఉంటే తగ్గింపు పోకుండా కాపాడే సెక్షన్ కూడా అందులో ఉంది. తరతరాలుగా అక్కడే వ్యవసాయం చెయ్యాలని గట్టిగా అనుకున్న పెద్ద రైతుకి కాలిఫోర్నియా కాంట్రాక్ట్ నష్టం కాదు. పొలం పొలంగా మిగలాలంటే ఒరెగాన్. టెక్సాస్ చట్టసభ ఏదైనా ఒక్కటి అరువు తెచ్చుకోవాలంటే మాత్రం ఐడహో రైతు సంఘాల చట్టం తెచ్చుకోవాలి, తేనెటీగల మీద తగ్గింపు తీసుకునే పొలంలో ఇంటి చుట్టూ, కంచె వెంట గడ్డి కోయాలన్న షరతు కూడా పెట్టాలి.

అప్పటిదాకా కొనేవాళ్లు చెయ్యగలిగింది కొంత ఉంది. కౌలుకి ఆవులు మేపే రైతు దొరికితే పెట్టెల కంటే ముందు ఆయన్ని ఒప్పించండి. మీ పొలానికి ఏ వాలంటీర్ డిపార్ట్‌మెంట్ వస్తుంది, ఎంత దూరం, ట్యాంకర్ నీళ్లు ఎక్కడ నింపుకుంటుంది, మీ గేటు గుండా ఆ బండి పడుతుందా అని వాళ్లనే వెళ్లి అడగండి, విరాళం ఇస్తే సంతోషంగా తీసుకుంటారు. కార్చిచ్చు ఎలా కదులుతుందో చెప్పే ఎస్-190 అనే మొదటి కోర్సు ఆన్‌లైన్‌లో ఉచితం, వాలంటీర్‌గా చేరకపోయినా పొలం ఉన్న ప్రతివాళ్లూ చదువుకోవచ్చు.