పచ్చళ్ల డబ్బుకు భీమ్ యాప్: రెండేళ్ల అనుభవం

తెనాలిలో ఇంట్లోనే పచ్చళ్లు పెట్టి కొరియర్‌లో పంపుతాను. మొదట్లో కొనేవాళ్లు "అకౌంటు నంబరు పంపండమ్మా" అంటే పాస్‌బుక్ మొదటి పేజీ ఫొటో తీసి పంపేదాన్ని. పేరు, చిరునామా, ఖాతా నంబరు అన్నీ అందులోనే ఉండేవి. ముక్కూ మొహం తెలియని ఎంతమంది ఫోన్లలో ఆ ఫొటో ఇంకా ఉందో తలుచుకుంటే గుండె గుభేలుమంటుంది.

తరువాత ఒక చెల్లింపుల సంస్థలో చేరబోయాను. పాన్ కార్డు, రద్దు చేసిన చెక్కు అడిగారు, ఇచ్చాను. పని త్వరగా కావాలంటే నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్ కూడా నింపమన్నారు. నాకు డబ్బు వేయడానికి ఖాతా నంబరు చాలు కదా, పాస్‌వర్డ్ ఎందుకు? అక్కడే ఆపేశాను.

అప్పుడు మా అమ్మాయి భీమ్ పెట్టింది. ఫోన్‌తోనే ఖాతా నుంచి డబ్బు పంపే, ఖాతాలోకి అందుకునే యాప్ ఇది. 2016 డిసెంబరు 30న వచ్చింది, నేను చేరడమే ఆలస్యం. తెలుగులోనే వాడుకోవచ్చు. బ్యాంకు పేరు ఎంచుకోగానే నా సిమ్ నుంచి ఒక ఎస్ఎంఎస్ వెళ్లింది, ఆ నంబరుకు ముడిపడిన ఖాతా దానంతటదే కనిపించింది. ఖాతా నంబరు కొట్టనే లేదు. డెబిట్ కార్డు చివరి 6 అంకెలు, గడువు తేదీ ఇచ్చి పిన్ పెట్టుకున్నాను. ఇప్పుడు కొనేవాళ్లకు యూపీఐ ఐడీ, అంటే ఖాతా నంబరుకు బదులు పనిచేసే చిన్న పేరు, ఒక్కటే పంపుతాను.

ఒక పని మాత్రం ముందే చేశాను. అమ్మాయి చదువు డబ్బున్న ఖాతా జోలికి పోకుండా, వేరే బ్యాంకులో చిన్న ఖాతా తెరిచి దాన్నే కలిపాను. వచ్చిన డబ్బును శనివారం సాయంత్రం పెద్ద ఖాతాకు మార్చుకుంటాను. అది ఎంత మేలయిందో ఆ వేసవిలో తెలిసింది. పెళ్లికి 10 కిలోల గోంగూర కావాలని ఒకాయన ఫోన్ చేశాడు. "అడ్వాన్సు 2,000 పంపుతున్నాను, పిన్ నొక్కండి, జమ అవుతుంది" అన్నాడు. వేలు తెరమీద పెట్టి మళ్లీ చదివాను. డబ్బు నా ఖాతా నుంచి అతనికి వెళ్తున్నట్టు ఉంది! అతను పంపింది డబ్బు కాదు, డబ్బు ఇమ్మని అడిగే సందేశం. నొక్కలేదు. నిజానికి ఆ రోజు ఆ ఖాతాలో ఉన్నది 640 రూపాయలే. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, పంపడానికే కావాలి. మనుషులు ఒకరినొకరు ఇలా డబ్బు అడిగే ఆ ఏర్పాటును 2025 అక్టోబరు నుంచి తీసేశారు, చాలా మంచి పని చేశారు.

అయిదుకు నాలుగు నక్షత్రాలు ఇస్తాను. ఒకటి తగ్గించింది ఆవకాయ సీజనులో పడిన అవస్థకు. ఒక అమ్మాయి ఖాతాలో 1,800 తగ్గాయి, నాకు రాలేదు. ఇద్దరం రాత్రంతా కంగారు పడ్డాం. మర్నాడు ఆమెకే తిరిగి జమ అయ్యాయి. ఇలా ఆగిన డబ్బు మర్నాటికల్లా వెనక్కి రావాలనీ, ఆలస్యమైతే బ్యాంకు రోజుకు 100 రూపాయలు ఇవ్వాలనీ రిజర్వు బ్యాంకు నియమం 2019 నుంచీ ఉంది. ఆ సంగతి "పెండింగ్" అని చూపించే చోటే తెలుగులో రాసి ఉంటే మేం ఆ రాత్రి నిద్రపోయేవాళ్లం.