జనం చేయి కలపాలంటే ఏది మేలు: డబ్బా, జరిమానానా, నమ్మకమా?

ప్రభుత్వ సేవల్లో పౌరులు పాలుపంచుకోవాలంటే కాస్త డబ్బిస్తే చాలదా, జరిమానా వేస్తే దారికి రారా అని మళ్లీ మళ్లీ అడుగుతున్నారు.

అసలు చాలా సేవలు పౌరుడి చేయి పడనిదే పూర్తి కావు. క్షయకు మందులు ప్రభుత్వం ఉచితంగా ఇవ్వగలదు, 6 నెలలు మానకుండా మింగాల్సింది రోగే. 1970ల్లో రాజనీతి శాస్త్రవేత్త ఎలినార్ ఆస్ట్రమ్ బృందం అమెరికాలో పోలీసు వ్యవస్థల్ని పరిశీలించి తేల్చిందీ ఇదే: వీధిలో భద్రత పోలీసులు మాత్రమే తయారుచేసి ఇచ్చేది కాదు. ఇలా సేవను ప్రభుత్వమూ పౌరులూ కలిసి తయారుచేయడాన్నే సహ ఉత్పత్తి అన్నారు.

డబ్బు చిన్న పనులకు పనికొస్తుంది. ఖాళీ సీసా తిరిగిస్తే డిపాజిట్ చేతికొస్తుంది, అంతవరకే.

జరిమానా ఒక్కోసారి ఎదురు తిరుగుతుంది. ఇజ్రాయెల్‌లోని హైఫాలో కొన్ని శిశు సంరక్షణ కేంద్రాలు ఆలస్యంగా వచ్చే తల్లిదండ్రులకు జరిమానా పెడితే ఆలస్యాలు ఇంకా పెరిగాయి. డబ్బు కట్టేశాక మొహమాటం ఎందుకుంటుంది? జరిమానా ఎత్తేశాక కూడా అవి తగ్గలేదు.

సేవాభావం బలమైనదే. చిలీలో అగ్నిమాపక సిబ్బంది 1851 నుంచీ జీతం లేని స్వచ్ఛంద కార్యకర్తలే. అయితే దాన్ని నిలబెట్టేది వేరే ఉందని నా అభిప్రాయం: నేను చేస్తే ఫలితం ఉంటుందన్న నమ్మకం. 2008లో బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ, డెన్మార్క్, చెక్ రిపబ్లిక్‌లలో జరిపిన సర్వేలో కూడా ఈ నమ్మకం ఉన్నవాళ్లే ఎక్కువగా ముందుకొచ్చారు.

ఆ నమ్మకం ఉపన్యాసాలతో రాదు, అవతల ప్రభుత్వం తన వంతు చేస్తేనే వస్తుంది. బ్రెజిల్‌లో 1980ల్లో మొదలైన ఉమ్మడి మురుగు గొట్టాల పద్ధతి చూడండి. ఒక వరుస ఇళ్లన్నిటికీ కలిపి ఒకే గొట్టం, అది ఎటునుంచి పోవాలో ఆ ఇళ్లవాళ్లే కూర్చుని తేల్చుకుంటారు. పెరటిలోంచి పోనిస్తే లోతు తక్కువ, ఖర్చూ తక్కువ, కానీ బాగోగులు వాళ్లే చూసుకోవాలి. బయటి పెద్ద గొట్టం మాత్రం మురుగునీటి సంస్థది. అది పూడిపోయిందంటే పెరటి గొట్టం ఎంత శుభ్రంగా ఉన్నా మురుగు ఇంట్లోకే తన్నుకొస్తుంది. అలా ఒకసారి మోసపోయిన ఇల్లాలు మళ్లీ పలుగు పట్టుకుని ఎందుకు కదులుతుంది?

అందుకే నేనైతే పౌరులకు ఇచ్చే బహుమతుల గురించి ఆలోచించే ముందు, ఆ పెద్ద గొట్టం కిందటిసారి ఎప్పుడు శుభ్రం చేశారో అడుగుతాను.