పదో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ గణిత పుస్తకం: క్యాలిక్యులేటర్ లేని సాధనకు ఎంతవరకు పనికొస్తుంది?

సీబీఎస్‌ఈ పదో తరగతి గణితం పేపర్ మొదటి పేజీ సూచనల్లోనే ఉంటుంది, క్యాలిక్యులేటర్ వాడకూడదని. 80 మార్కులకు 3 గంటలు, అంటే మార్కుకు రెండుంపావు నిమిషాలు. సూత్రం తెలిసి కూడా పిల్లలు మార్కులు పోగొట్టుకునేది ఎక్కువగా ఆ తర్వాతి హెచ్చవేతల్లో, భాగహారాల్లో. అందుకని ఈ సమీక్షలో పుస్తకాన్ని ఒకే కోణంలో చూస్తున్నాం: చేతి లెక్కకు ఇది ఎంత మంచి సాధన పుస్తకం? సిద్ధాంతాల వివరణ, రుజువుల నాణ్యత వేరే చర్చ.

సమీక్షకు తీసుకున్నది పాఠ్యాంశాలు కుదించిన తర్వాతి ముద్రణ, 14 అధ్యాయాలది. పీడీఎఫ్ ఎన్‌సీఈఆర్‌టీ సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024–25 నుంచి పదో తరగతికి ఈ పాఠ్యాంశాలే వచ్చాయి కాబట్టి స్టేట్ సిలబస్ పిల్లలకూ కింది మాటలు వర్తిస్తాయి. తెలంగాణ పుస్తకం వేరు.

ముందుగా తీర్పు. ఈ పుస్తకంలోని అంకెలు చాలా వరకు చేతి లెక్క కోసమే ఏరి పెట్టినవి. సరైన వరుసలో చేస్తే హారాలన్నీ వాటంతటవే కొట్టుకుపోతాయి. కానీ ఆ వరుస ఏమిటో పుస్తకం ఎక్కడా చెప్పదు. చెప్పేవాళ్లు పక్కన ఉంటే బంగారంలాంటి పుస్తకం. ఒంటరిగా చదువుకునే పిల్లకు మాత్రం అవే లెక్కలు కొండల్లా కనిపిస్తాయి.

అభ్యాసం 12.2లో మూడో లెక్క, గులాబ్‌జామూన్‌లది, చూస్తే సంగతి తెలుస్తుంది. జామూన్ పొడవు 5 సెం.మీ., వ్యాసం 2.8 సెం.మీ., నడుమ స్థూపం, రెండు కొసలా అర్ధగోళాలు. పాకం ఘనపరిమాణంలో 30 శాతం. 45 జామూన్‌లలో పాకం ఎంత? మామూలుగా పిల్లలు స్థూపం విడిగా కట్టి 13.552 రాస్తారు, రెండు అర్ధగోళాలు కలిపి 11.4986… దగ్గర ఆగిపోతారు. రెండూ కూడి, 45తో హెచ్చవేసి, 30 శాతం తీయాలి. తెగని దశాంశం మధ్యలో వచ్చింది కనుక ఎక్కడో తెంచాలి. ఒక్కో జామూన్ 25.1 అని సవరించినవాడికి చివర 339 వస్తుంది. పుస్తకం జవాబు సుమారు 338.

అదే లెక్కను ఒక్క గుణకారం కూడా చేయకుండా ముందు మొత్తం రాసుకోవాలి. రెండు ఘనపరిమాణాల్లోనూ π, వ్యాసార్థ వర్గం ఉమ్మడి. వాటిని బయటికి తీస్తే కుండలీకరణంలో మిగిలేది స్థూపం పొడవు 2.2 (5 – 2.8) కూడిక, 1.4కు మూడింట నాలుగు వంతులు, అంటే 12.2/3. బయట 22/7 × 1.96. ఇక్కడ 1.96ను 7 భాగించి 0.28 చేస్తుంది, 22 × 0.28 = 6.16. ఇక 45 × 30/100 = 13.5, దాన్ని 3 భాగిస్తే 4.5. చివరికి మిగిలింది 6.16 × 12.2 × 4.5. ఇందులో 12.2 × 4.5 = 54.9. 6.16ను 55తో హెచ్చవేసి (338.8) 0.616 తీసేస్తే 338.184. తెగని దశాంశం ఒక్కటీ రాలేదు, సవరింపు అవసరమూ పడలేదు. 45 జామూన్‌లనే ఎందుకిచ్చారో, 1.4 వ్యాసార్థం ఎందుకొచ్చిందో అప్పుడు అర్థమవుతుంది. లెక్క కట్టినవారు ఈ దారి చూసే కట్టారనిపిస్తుంది. ఆ దారిని విద్యార్థికి ఒక్క వాక్యంలో చూపించి ఉంటే ఎంత బాగుండేది!

అదే అభ్యాసంలో ఆరోది, ఇనుప స్తంభం, ఇంకా ముచ్చటైనది. 220 సెం.మీ. ఎత్తు, 24 సెం.మీ. వ్యాసం ఉన్న స్థూపం మీద 60 సెం.మీ. ఎత్తు, 8 సెం.మీ. వ్యాసార్థం ఉన్న మరో స్థూపం. ఘన సెం.మీ.కు 8 గ్రాములు, π విలువ 3.14. మొదటిదానికి వ్యాసం, రెండోదానికి వ్యాసార్థం ఇచ్చారు. సగం మంది 24నే వ్యాసార్థంగా వర్గం చేసేది ఇక్కడే. 12 వర్గం × 220, 8 వర్గం × 60 కలిపితే 31680 + 3840 = 35520. ఇప్పుడు 35520ను 3.14తో, వచ్చినదాన్ని 8తో హెచ్చవేయడం దండగ శ్రమ. ముందు 3.14 × 8 = 25.12 చేసుకోవాలి. 35520 × 25 అంటే 100 రెట్లలో నాలుగోవంతు, 888000. మిగతా 0.12 వంతు 4262.4. మొత్తం 892262.4 గ్రాములు, అంటే 892.26 కిలోలు.

అభ్యాసం 12.1లో గుడారం, క్యాప్సూల్ లెక్కలకు సూత్రం ఒకటే: πని చివరిదాకా ముట్టుకోకూడదు. గుడారంలో స్థూపానికి 8.4π, శంకువుకు 5.6π, కలిపితే 14π, అంటే 44 చ.మీ. క్యాప్సూల్‌కు 45π, 25π కలిపి 70π, అంటే 220 చ.మి.మీ. విడివిడిగా 22/7తో హెచ్చవేస్తే క్యాప్సూల్ రెండు భాగాలూ తెగని దశాంశాలే. కలిపాక 7 చక్కగా పోతుంది. శంకువు బొమ్మలో 3.5, 12 నుంచి ఏటవాలు ఎత్తు 12.5 వెంటనే రావాలంటే 7, 24, 25 త్రికం కంఠతా ఉండాలి. లేకపోతే 156.25కి వర్గమూలం తీస్తూ కూర్చోవాలి.

11వ అధ్యాయంలో ఉన్నది ఒక్కటే అభ్యాసం, కానీ సాధనకు అదే గట్టిది. 12వ ప్రశ్నలో లైట్‌హౌస్ వెలుగు 80 డిగ్రీల సెక్టరులో 16.5 కి.మీ. దూరం పడుతుంది. 16.5 వర్గం 272.25. దాన్ని ముందే 3.14తో హెచ్చవేసేవాళ్లు 854.865ను 9తో భాగించే పనిలో పడతారు. 80/360 అంటే 2/9. 272.25లో 9వ వంతు 30.25, రెట్టింపు 60.5. 60.5 × 3.14 = 189.97. ఒకే లెక్క, దారి మార్చితే సగం శ్రమ.

టేబుల్ గుడ్డ లెక్క (13వది) కూడా అలాంటిదే. ఆరు వృత్తఖండాలు (సెక్టరులోంచి త్రిభుజం తీసేస్తే మిగిలేవి), వ్యాసార్థం 28, √3 విలువ 1.7. ఒక్క ఖండం కట్టి ఆరుతో హెచ్చవేస్తే 410.66… అనే తోక వెంటబడుతుంది. ఆరు సెక్టర్లు కలిస్తే పూర్తి వృత్తమే కాబట్టి 2464. ఆరు త్రిభుజాలు 6 × 333.2 = 1999.2. తేడా 464.8. చ.సెం.మీ.కు ₹0.35 చొప్పున ₹162.68.

ఇంత నేర్పుగా ఏరిన అంకెల మధ్య కారు వైపర్ల లెక్క (11వది) ఎందుకుందో! వ్యాసార్థం 25, కోణం 115 డిగ్రీలు, π 22/7. ఇక్కడ 7 దేనితోనూ పోదు. జవాబు 158125/126 అని భిన్నంలోనే వదిలారు. పిల్లలు ఇక్కడే దడుచుకుంటారు, తప్పు చేశామనుకుని మొదటికెళ్తారు. భిన్నంగా వదిలేయొచ్చని ముందే చెప్పండి. దశాంశంలో కావాలంటే సుమారు 1254.96. గొడుగు లెక్క జవాబు 22275/28 కూడా ఈ బాపతే.

ఇక సాంఖ్యకశాస్త్రం. సోపాన విచలన పద్ధతి (ఒక సగటును ఊహించుకుని, మధ్య విలువలకు దానితో ఉన్న తేడాలను తరగతి అంతరంతో భాగించి చిన్న అంకెలు చేసుకోవడం) పుట్టిందే చేతి లెక్క తేలిక చేయడానికి. అభ్యాసం 13.1లో 50 మంది కూలీల వేతనాల ప్రశ్నను నేరుగా చేస్తే 510 × 12, 530 × 14 అంటూ ఐదు లబ్ధాలు, మొత్తం 27260. 550ని ఊహించిన సగటుగా, 20ని తరగతి అంతరంగా తీసుకుంటే పట్టికలో –24, –14, 0, 6, 20, మొత్తం –12. ఆ 12ను 20తో హెచ్చవేసి 50తో భాగిస్తే 4.8. 550లోంచి తీసేస్తే ₹545.20. గాలిలో సల్ఫర్ డయాక్సైడ్ ప్రశ్నలో 0.02, 0.06 లాంటి అంకెలకు ఈ పద్ధతి మరీ సుఖం: మొత్తం –1 వస్తుంది, అంతే. మామిడి పెట్టెల లెక్కలో తరగతులు 50–52, 53–55 అని విడివిడిగా ఉంటాయి. సగటుకు వాటిని అవిచ్ఛిన్నం (మధ్యలో ఖాళీ లేకుండా) చేయనక్కర్లేదు, మధ్య విలువలు మారవు. ఈ మాట తెలియక చాలామంది పట్టిక మొత్తం తిరగరాస్తారు.

ఈ అధ్యాయం జవాబుల పేజీ మీద మాత్రం గట్టి ఫిర్యాదే ఉంది. మామిడి పెట్టెల సగటు 57.1875, జవాబు 57.19, సవరించి రాశారు. అభ్యాసం 13.3 మొదటి ప్రశ్న, 68 మంది విద్యుత్ వినియోగదారులది, సగటు 137.0588…, జవాబు 137.05. బాహుళకం (ఎక్కువసార్లు వచ్చే విలువ) 135.769…, జవాబు 135.76. ఇక్కడ సవరించలేదు, తోక కోసేశారు. ఒకే అధ్యాయంలో రెండు పద్ధతులు! చక్కగా భాగహారం చేసి 137.06 రాసిన పిల్ల తనదే తప్పనుకుంటుంది. చేతి లెక్క సాధనలో జవాబు పేజీయే తక్కెడ. అది వంకరగా ఉంటే పిల్ల నమ్మకం పోయేది తన లెక్క మీదే.

తొమ్మిదో అధ్యాయం (ఎత్తులు, దూరాలు) మరో రకం. జవాబులు 19√3, 58√3 అని కరణుల్లోనే (వర్గమూలం గుర్తుతోనే) వదిలారు. పరీక్షలో √3 = 1.73 అని ఇచ్చి అంకెల్లో అడిగితే ఈ సాధన చాలదు. బెలూన్ లెక్కలో బెలూన్ ఎత్తు 88.2లోంచి చూసే అమ్మాయి ఎత్తు 1.2 తీసేస్తే 87. దాన్ని √3తో భాగించాలి. హారాన్ని అకరణీయం చేస్తే (హారంలోని √3ను తొలగిస్తే) 29√3, అంకెల్లో 29 × 1.73 = 50.17. బద్ధకించి 87ను నేరుగా 1.73తో భాగిస్తే శ్రమకు శ్రమ, పైగా 50.29 వస్తుంది. అసలు విలువ 50.23 దగ్గర. 1.73 అనేదే ఉజ్జాయింపు కనుక ఎప్పుడు ప్రతిక్షేపించామన్నదాన్ని బట్టి రెండో దశాంశం మారిపోతుంది. ముందు అకరణీయం, చివర్లో 1.73: ఆ క్రమం తప్పొద్దు.

మిగతావి తొందరగా. మొదటి అధ్యాయంలో 7429 ప్రధాన కారణాంకాలు తీయమన్న ప్రశ్న ఓపికకు పరీక్ష: 17 దాకా ప్రయత్నించాలి, తర్వాత 437 = 21² – 2² అని గుర్తుపడితే 19 × 23 వెంటనే. వర్గ సమీకరణాల్లో విచక్షణులు (b² – 4ac విలువలు) 729, 4225 లాంటి శుభ్రమైన వర్గాలు. 30 దాకా వర్గాలు, 5తో ముగిసే సంఖ్యల వర్గం తీసే కిటుకు వస్తే చాలు. అంకశ్రేఢి లెక్కలు సులువు. త్రిభుజాలు, వృత్తాల అధ్యాయాల్లో చేతి లెక్కకు పెద్దగా పనిలేదు.

కుదింపులో పోయినవాటిలో శంకు ఛేదనం (కొస కోసేసిన శంకువు), ఒక ఘనాన్ని కరిగించి మరో ఘనం పోయడం, వృత్తాల కలయిక పటాలు ఉన్నాయి. పరీక్షకు అవసరం లేదు నిజమే. కానీ గుణకార సాధనకు అంతకన్నా మంచి లెక్కలు ఈ పుస్తకంలో ఉండేవి కావు. ముఖ్యంగా కరిగించి పోసే లెక్కల్లో రెండువైపులా π కొట్టేయడం పిల్లలకు భలే అలవాటయ్యేది. పాత ముద్రణ ఇంట్లో ఉంటే పారేయకండి.

ఈ పుస్తకంలో లేనివి మరో రెండు. ఉదాహరణల్లో చాలాచోట్ల ప్రతిక్షేపణ నుంచి జవాబుకు ఒకే గంతు, మధ్యలో కొట్టివేతలు కనిపించవు. జవాబు ముందుగా అంచనా వేయమనీ ఎక్కడా అడగదు. జామూన్ ఒక్కటి దాదాపు 25 ఘన సెం.మీ., 45కు 1100 పైచిలుకు, అందులో మూడో వంతుకు కాస్త తక్కువ. ఈ అంచనా ఉంటే దశాంశ బిందువు జారి 3381 వచ్చినవాడు తనంతట తానే పట్టుకుంటాడు.

వాడే పద్ధతి ఇలా ఉంటే ఫలితం బాగుంటుంది. లాంగ్ నోట్‌బుక్ పేజీకి కుడివైపు రెండంగుళాలు గీత కొట్టి రఫ్‌కు వదలండి, వేరే కాగితం మీద రఫ్ చేయనివ్వకండి. తప్పు సూత్రంలోనా, హెచ్చవేతలోనా అన్నది తర్వాత వెతకడానికి అదే ఆధారం. ప్రతి లెక్కకూ మొదటి వరుసలో అంచనా, రెండో వరుసలో మొత్తం లెక్క ఒకే భిన్నంగా, కొట్టివేతలయ్యాకే మొదటి గుణకారం. రోజుకు 11, 12 అధ్యాయాల నుంచి రెండు, 13 నుంచి ఒకటి చాలు. 13.3లోని విద్యుత్ ప్రశ్న దగ్గర మాత్రం జవాబు పేజీలో 137.05 పక్కన పెన్సిల్‌తో 137.06 అనీ, 135.76 పక్కన 135.77 అనీ ముందే రాసిపెట్టండి.